1,200 వరహాలు ఎవరి చేతికి వెళ్ళాయి: పాత కాగితాల్లో రాజ్యాల సంబంధాలను చదవడం గురించి

గోల్కొండ, మొగలు సామ్రాజ్యం, ఇంగ్లీషు కంపెనీ ఒకరితో ఒకరు ఎలా మెలిగారో చరిత్ర పుస్తకాల నుంచి కాకుండా అసలు కాగితాల నుంచి తెలుసుకోవాలని ఉందని రాశారు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్నానని, తెలుగు, తమిళం, ఇంగ్లీషు వచ్చు గానీ పారశీకం రాదని అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న కాగితాలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి మీ రెండు ప్రశ్నలు. ముప్పై ఏళ్ళుగా ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో కూర్చుని ఈ కాగితాలే చదువుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

"సామ్రాజ్యాల సంబంధాలు" అనే పేరు పట్టుకుని లోపలికి వెళ్ళకండి. ఆ పేరుతో ఏ కట్టా దొరకదు. అప్పటి గుమాస్తా కలం పట్టుకుని రాసింది వేరే: ఫలానా ఖానుకు ఎంత ఇచ్చాం, ఎవరి ఉత్తరం వచ్చింది, కొత్తగా వచ్చిన హవల్దారుకు (స్థానిక పాలనాధికారికి) ఎంత విలువైన బహుమానం పంపాలి, అది చాలలేదని ఎవరు మొహం మాడ్చుకున్నారు, అందువల్ల బట్టల మూటలు ఏ సుంకం చావిడి దగ్గర ఆగిపోయాయి. ఈ చిన్న విషయాలను వరసగా పేర్చుకుంటూ పోతే పెద్ద సంగతి దానంతట అది కనబడుతుంది. అందుకే నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఎప్పుడూ ఒకటే చెబుతాను. ఒక చెల్లింపును పట్టుకోండి. ఆ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళింది, ఇచ్చినవాడు దాన్ని ఏమని పిలిచాడు, పుచ్చుకున్నవాడు ఏమని పిలిచాడు అన్నది చూడండి. రెండు పేర్లూ ఒకటి కాకపోతే మీరు వెతుకుతున్నది అక్కడే ఉంది.

మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్ళకు ఇక్కడ స్థలం ఇచ్చినప్పుడు చంద్రగిరిలో విజయనగర వంశం ఇంకా ఉంది. 1645లో శ్రీరంగరాయలు దాన్ని ఖాయం చేశాడు. తరవాత రెండేళ్ళు తిరగకుండానే ఈ ప్రాంతం గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా చేతిలో పడి గోల్కొండలో కలిసింది. మొదట్లో పాలకుడికి చెందవలసిన భాగం రేవు సుంకంలో వాటాగా ఉండేది. 1658లో దానికి బదులు ఏటా 380 వరహాలు కట్టేటట్టు మాట్లాడుకున్నారు. ఊరు పెరిగింది, రేవులో సరుకు పెరిగింది, గోల్కొండ మనుషులు తమ వాటా కూడా పెరగాలన్నారు. ఏళ్ళ తరబడి వాదులాట నడిచాక 1672లో గోల్కొండ అధికారి నెక్నాం ఖాన్‌కూ గవర్నరు లాంగ్‌హార్న్‌కూ మధ్య 1,200 వరహాలకు ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు ఈ 1,200 వరహాల వెంట నడవండి. 1687 సెప్టెంబరులో గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది. కౌలు ఇచ్చిన రాజ్యమే లేకుండా పోయింది. పైగా ఆ సమయంలో కంపెనీ బెంగాల్లోనూ సూరత్ వైపూ అదే మొగలులతో యుద్ధం పెట్టుకుని ఉంది. ఒక తీరంలో శత్రువైనవాడు ఇంకో తీరంలో మీ ఇంటి యజమాని అయ్యాడన్నమాట. మద్రాసు కౌన్సిల్ పుస్తకాల్లో ఆ నెలల పేజీలు చదువుతుంటే వాళ్ళ లెక్కలన్నీ మన కళ్ళముందే జరుగుతున్నట్టు ఉంటుంది. కొత్త ప్రభువు మనుషులతో మాట కలిపారు, అదే అద్దెను అటువైపు మళ్ళించారు. తరవాత ఆర్కాటు నవాబుల కాలం వచ్చింది. మొగలు చక్రవర్తి పేరు పత్రాల మీద అలాగే ఉన్నా డబ్బు వెళ్ళే గడప మారింది. చివరకు 1752లో నవాబు మహమ్మదలీ దాన్ని మాఫీ చేశాడు. అప్పటికి అతని గద్దె నిలబడింది కంపెనీ సిపాయిల బలం మీదే. ఎనభై ఏళ్ళ పాటు అంకె మారలేదు. పుచ్చుకునే చేయి మారింది, చివరికి పుచ్చుకునేవాడే ఇచ్చేవాడి మీద ఆధారపడ్డాడు. దక్షిణాదిలో అధికారం ఎలా చేతులు మారిందో చెప్పడానికి దీనికంటే పొందికైన దారం నాకు దొరకలేదు.

ఈ కథలోనే 1690 సంవత్సరాన్ని విడిగా తీసి చదవండి. మొగలు సేనాపతి జుల్ఫికర్ ఖాన్ జింజీ కోటను ముట్టడించి ఉన్నాడు. లోపల శివాజీ కుమారుడు రాజారాం. ఆ సంవత్సరమే కంపెనీ బయట ఉన్న జుల్ఫికర్ ఖాన్ దగ్గర తన హక్కులను ఖాయం చేయించుకుంది, లోపల ఉన్న రాజారాం దగ్గర కడలూరు పక్కన దేవనాంపట్టణం కోటను కొనుక్కుంది. అదే సెయింట్ డేవిడ్ కోట. కోటతోపాటు వచ్చే భూమి హద్దులను ఫిరంగి పేల్చి తేల్చారు. గుండు ఎంత దూరం వెళితే అంతవరకు కంపెనీది. ఆ గీతలో పడిన ఊళ్ళకు గుండు గ్రామాలని పేరే నిలిచిపోయింది. ఒకరితో ఒకరు పోరాడుతున్న ఇద్దరి దగ్గరా ఒకే సంవత్సరంలో కాగితాలు తీసుకున్న వ్యాపారిని ఎవరి పక్షం అనాలి? పాఠ్యపుస్తకంలో అయితే "ఇంగ్లీషువారు మొగలులతో రాజీపడ్డారు" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం తప్పు కాదు. కాని దాని వెనక ఫిరంగి ఉంది, రెండు సంతకాలు ఉన్నాయి.

మొగలు అధికారి దావూద్ ఖాన్ సంగతి ఇంకా బాగుంటుంది. 1701లో ఆయన మద్రాసు వచ్చినప్పుడు గవర్నరు థామస్ పిట్ కోటలో విందు ఇచ్చాడు. చిన్నవీ పెద్దవీ కలిపి దాదాపు 600 వంటకాలు వడ్డించారని కౌన్సిల్ పుస్తకమే చెబుతుంది. మరుసటి ఏడాది అదే దావూద్ ఖాన్ ఊరిని దిగ్బంధించి మూడు నెలలకు పైగా సరుకు కదలనివ్వలేదు. డబ్బు పుచ్చుకుని వెళ్ళాడు. 1708లో మళ్ళీ ఆయనే తిరువొత్తియూరు, నుంగంబాక్కం, వ్యాసర్‌పాడి, కత్తివాక్కం, సాత్తంగాడు అనే ఐదు ఊళ్ళను కంపెనీకి ఇచ్చాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని చూసినా స్నేహమనో శత్రుత్వమనో తేల్చేస్తాం. మూడూ కలిపి చదివితే తెలిసేది వేరు. బలం ఎవరి దగ్గర ఉందో, డబ్బు ఎవరికి అవసరమో, ఢిల్లీ ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి వాళ్ళ ప్రవర్తన నెలనెలా మారింది. మీరు రాసేటప్పుడు మిత్రుడు, శత్రువు అన్న మాటలను వీలైనంత ఆలస్యంగా వాడండి.

డబ్బు పేరు గురించి అన్నాను కదా, దానికి మన తెలుగు జిల్లాలే సాక్ష్యం. 1765లో షా ఆలం చక్రవర్తి ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇచ్చాడు. ఆ నేల మీద హక్కు తనదని హైదరాబాదు నిజాం అలీ ఖాన్ ఒప్పుకోలేదు. 1766 నవంబరులో కంపెనీ ఆయనతో విడిగా సంధి చేసుకుని, అవే సర్కారుల కోసం డబ్బూ సైనిక సహాయమూ ఇస్తానంది. ఆ రాయబారం వెనక మన కాండ్రేగుల జోగి పంతులు ఉన్నాడు. 1768 సంధిలో నిజాం చక్రవర్తి ఫర్మానాను అంగీకరించాడు. కంపెనీ మటుకు ఏటేటా డబ్బు ఇవ్వడానికి కట్టుబడింది. ఆ డబ్బు సంధి పత్రంలో స్నేహానికి గుర్తు. కంపెనీ దస్త్రాల్లో అదే పేష్కష్. పేష్కష్ అంటే చిన్నవాడు పెద్దవాడికి సమర్పించేది. ఒకే మొత్తం ఒక కాగితంలో సమానుల మధ్య కానుక, ఇంకో కాగితంలో సామంతుడి కప్పం.

ఇది మాటల తేడా మాత్రమే అనుకుంటే 1779 కట్ట తీయండి. రంబోల్డ్ గవర్నరుగా ఉన్నప్పుడు హాలండ్ అనే అధికారిని హైదరాబాదు పంపి ఆ పేష్కష్ మానుకోమని నిజాంను అడిగించారు. దానికి ముందే, నిజాంకు చెప్పకుండా ఆయన తమ్ముడు బసాలత్ జంగ్ దగ్గర నేరుగా గుంటూరు సర్కారును కౌలుకు తీసుకున్నారు. నిజాంకు మండింది. మరాఠాలు, హైదర్ అలీ, నిజాం కలిసి కంపెనీకి వ్యతిరేకంగా కూడబలుక్కోవడంలో ఈ కోపానికి పెద్ద భాగమే ఉంది. 1780 జూలైలో హైదర్ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. డబ్బు ఆపడమంటే బేరం అని మద్రాసు అనుకుంది, తన పెద్దరికాన్ని తీసివేయడమని హైదరాబాదు అనుకుంది. చివరకు 1823లో కంపెనీ ఒకేసారి సొమ్ము చెల్లించి నిజాం హక్కును పూర్తిగా కొనేసింది. నిజంగా అది స్నేహానికి గుర్తు మాత్రమే అయితే దాన్ని కొనవలసిన పని ఏముంది?

ఇక ఎక్కడికి వెళ్ళాలి అన్నదానికి వస్తాను. మీరు చెన్నైలో ఉన్నారు, ఇంతకంటే మంచి చోటు మీకు దొరకదు. ఎగ్మూరు రైల్వే స్టేషన్ దగ్గరే ఉన్న ఎర్ర ఇటుకల భవనం ఒకప్పటి మద్రాసు రికార్డు ఆఫీసు, ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్. ఆ భవనం 1909 నాటిది. కంపెనీ రికార్డులు అక్కడ 1670 ప్రాంతం నుంచి ఉన్నాయి. ఇంకో సంగతి. ఆ భవనం నిలబడిన ఎగ్మూరు కూడా పురసవాక్కం, తండయార్‌పేటలతోపాటు 1693లో మొగలుల దగ్గర సనదు (దానపత్రం) మీద కంపెనీకి వచ్చిన ఊరే. ఏ చరిత్ర చదవడానికి వెళుతున్నారో ఆ చరిత్రలో ఒక మడతలోనే కూర్చుని చదువుతారు. నేను మొదటిసారి ఈ సంగతి ఒక సంపుటంలో చూసినప్పుడు లేచి వరండాలోకి వెళ్ళి కాసేపు రోడ్డు చూస్తూ నిలబడ్డాను.

అసలు రాతప్రతుల మీద వెంటనే పడకండి. 20వ శతాబ్దం మొదటి భాగంలో రికార్డు ఆఫీసువాళ్ళు సెయింట్ జార్జి కోట దినచర్య, కౌన్సిల్ నిర్ణయాలు, వచ్చిన ఉత్తరాలు, పంపిన ఉత్తరాలు, దేశీయ ప్రభువులతో ఉత్తర ప్రత్యుత్తరాలు అంటూ ఎన్నో సంపుటాలు అచ్చువేశారు. ముందు వాటిలో ఒక పదేళ్ళ కాలం తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. మీకు కావలసిన పేరు కోసం సూచికలో వెతికి ఆ పేజీ ఒక్కటే తీస్తే ఏమీ అర్థం కాదు. ఆ వారం ఏ ఓడ వచ్చింది, ఏ గవర్నరుకు జబ్బు చేసింది, బియ్యం ధర ఎలా ఉంది అన్నది తెలిస్తేనే ఫలానా రోజు కౌన్సిల్ ఎందుకు లొంగిందో తెలుస్తుంది. అచ్చు సంపుటాలతో వాళ్ళ మాటతీరు ఒంటబట్టాక రాతప్రతి అడగండి. అనుమతికి ఏమేమి కావాలో ముందుగానే కనుక్కుని వెళ్ళండి, పెన్సిలు తీసుకెళ్ళండి.

మొదటి రాతప్రతి బల్ల మీదకు వచ్చినప్పుడు తొందరపడకండి. సిరా గోధుమరంగులోకి తిరిగి ఉంటుంది. కలం గట్టిగా ఒత్తిన చోట సిరా కాగితాన్ని తినేసి అక్షరం ఆకారంలోనే చిల్లు పడి ఉంటుంది. వెనక పేజీ రాత ముందుకు తేలి రెండు వరసలూ కలిసిపోతాయి. పేజీ అడుగున కుడివైపు ఒంటరిగా ఒక మాట ఉంటే అది తరవాతి పేజీ మొదటి మాట. ఆ రెండూ కలవకపోతే మధ్యలో ఒక కాగితం పోయిందని అర్థం. పక్క అంచులో చిన్న అక్షరాలతో రాసింది విషయ సంగ్రహం, దాన్ని గుమాస్తా తరవాత చేర్చి ఉండవచ్చు. సమావేశం చివర సంతకాలు చూడండి. ఎవరి సంతకం లేదో కూడా చూడండి. ఒక సభ్యుడు ఒప్పుకోకపోతే తన కారణాలను విడిగా రాయించేవాడు. నా అనుభవంలో అసలు నిజం ఎక్కువసార్లు దొరికింది ఆ అసమ్మతి పత్రాల్లోనే. నలుగురూ కలిసి లండన్‌కు దాచాలనుకున్నదాన్ని ఐదోవాడు కోపంతో బయటపెడతాడు.

మీకు ఒక లాభం ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు లేదు. మీరు తెలుగువారు. 17వ శతాబ్దపు మద్రాసు ఇంగ్లీషు కాగితాలు సగం మన మాటలతో నిండి ఉంటాయి. వాళ్ళ చెవికి తోచినట్టు రాసుకోవడం వల్ల కంటికి అందవు, పైకి చదివితే చెవికి అందుతాయి. నేను ఒకసారి "జంకన్" అన్న మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. మా అమ్మకు ఆ వాక్యం చదివి వినిపిస్తుంటే ఆవిడ "సుంకం కాదూ?" అంది. ఆవిడ ఐదో తరగతి దాటలేదు. అప్పటి నుంచి అర్థం కాని ప్రతి మాటనూ గొంతెత్తి చదువుతాను. "తలియార్" మన తలారి. "పెద్దనాయక్" కావలి పెద్దనాయకుడు, ఆయన పేరు మీదే పెద్దనాయకన్‌పేట. "పొదెల లింగప్ప" పొదిలి లింగప్ప, గోల్కొండ తరఫున పూనమల్లి సీమను ఏలినవాడు, గోల్కొండ మంత్రి మాదన్నకు బంధువు. తనకు రావలసిన మర్యాదలు రాలేదని ఈయన మద్రాసుకు సరుకు రాకుండా ఆపించిన ఘట్టాలు 1680 ప్రాంతపు పుస్తకాల్లో చదవండి. ఇంగ్లీషువాడికి ఆయన ఒక పీడ. మీకు ఆయన మాటల వెనక ఒక తెలుగు అధికారి లెక్క వినిపిస్తుంది.

అయితే ఇదే లాభం గోతిలో కూడా పడేస్తుంది. "కౌల్" అని కనబడగానే మనం పొలం కౌలు అనుకుంటాం. ఆ కాలంలో కౌలు అంటే ప్రధానంగా మాట ఇవ్వడం, అభయపత్రం. ఫలానా చోట నువ్వు వ్యాపారం చేసుకో, నీకు ఇబ్బంది రానివ్వను అని పాలకుడు రాసి ఇచ్చేది. గోల్కొండ ఇచ్చిన కౌలును ఈనాటి అర్థంతో చదివితే అది అద్దె పత్రం అవుతుంది, ఆనాటి అర్థంతో చదివితే రక్షణ పత్రం అవుతుంది. మొదటిదాంట్లో కంపెనీ కిరాయిదారు, రెండోదాంట్లో శరణు పొందినవాడు. ఇంగ్లీషు గుమాస్తా ఆ మాటను తర్జుమా చేయకుండా అలాగే ఉంచాడంటే తన భాషలో దానికి సరైన మాట దొరకలేదని అర్థం. అలాంటి మాటలన్నింటికీ ఒక నోటుపుస్తకం విడిగా పెట్టండి. తష్రీఫ్, సిరోపా, పర్వానా, రహదారి, సనదు, పేష్కష్. ఏ సంవత్సరంలో, ఎవరి నోట, ఏ సందర్భంలో వచ్చిందో ప్రతిసారీ రాసుకోండి. నా దగ్గర అలాంటివి ఇప్పటికి పదకొండు పుస్తకాలయ్యాయి.

తేదీల విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్తగా ఉండండి. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకున్న ఘట్టం మీద ఒక వ్యాసం రాస్తూ ఇంగ్లీషు కాగితాల్లో లొంగుబాటు సెప్టెంబరు 10 అనీ, ఫ్రెంచి వైపు సెప్టెంబరు 21 అనీ చూశాను. రెంటినీ నమ్మి, లొంగుబాటు మాటలు పదకొండు రోజులు సాగాయని రాశాను, ఆ పదకొండు రోజుల్లో ఏం జరిగి ఉంటుందో ఒక పేరా ఊహ కూడా అల్లాను. వ్యాసం అచ్చయ్యాక ఒక పెద్దాయన కార్డు రాశారు. అవి రెండూ ఒకే రోజు. ఇంగ్లీషువాళ్ళు 1752 దాకా పాత పంచాంగమే వాడారు, ఫ్రెంచివాళ్ళు కొత్తది వాడారు. 18వ శతాబ్దంలో తేడా 11 రోజులు, 17వ శతాబ్దంలో 10 రోజులు. అదీకాక అప్పటి ఇంగ్లీషువాళ్ళకు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. వాళ్ళ 1687 ఫిబ్రవరి మనకు 1688 ఫిబ్రవరి కావచ్చు. రెండు రాజ్యాల కాగితాలను పక్కపక్కన పెట్టేటప్పుడు మొట్టమొదట చేయవలసిన పని తేదీలను ఒక పంచాంగంలోకి తెచ్చుకోవడం.

మన వైపు కాగితాలతో ఇంకో చిక్కు ఉంది. కైఫీయతుల్లో (ఊళ్ళ చరిత్రలు రాసిన పాత దస్త్రాల్లో) చాలాచోట్ల సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అక్షయ అని ఉందనుకోండి. 1686 అక్షయే, 1746 అక్షయే, 1806 కూడా అక్షయే. మొదటిదైతే గోల్కొండ చివరి రోజులు, రెండోదైతే మద్రాసు ఫ్రెంచివాళ్ళ చేతిలో పడిన ఏడు, మూడోదైతే వేలూరు సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏడు. ఒక్క పేరు కింద మూడు ప్రపంచాలు. పక్కన ఎవరి పేరు ఉంది, ఏ నాణెంలో లెక్క కట్టారు అన్నదాన్నిబట్టి తేల్చుకోవాలి. శిస్తు లెక్కల ఫసలీ సంవత్సరం అయితే సులువు, 590 కలపండి. శకం అయితే 78.

ఇంగ్లీషు కాగితాలను నమ్మవచ్చా అని అడిగారు. మీరు దాన్ని ఏ ప్రశ్న అడుగుతున్నారన్నదాని మీద ఉంటుంది. ఎంత ఇచ్చారు అని అడిగితే చాలావరకు నమ్మవచ్చు, ఎందుకంటే లండన్‌లో యజమానులు ఆ లెక్కలు చూస్తారు. ఎందుకు ఇచ్చారు అని అడిగితే అనుమానించండి. అంత ఖర్చు తప్పలేదని పైవాళ్ళను ఒప్పించడానికే ఆ కారణం రాశారు. అవతలివాడి మనసులో ఏముంది అని అడిగితే ఇంకా తక్కువ నమ్మండి, అది వకీలో, దుబాసీ అనే దుభాషియో చెవిలో చెప్పిన సంగతి. గోల్కొండ దర్బారులో కంపెనీ తరఫున ఉన్న బ్రాహ్మణ వకీలు ఏం విన్నాడు, దాన్ని ఏ భాషలో రాశాడు, మద్రాసులో దాన్ని ఎవరు ఇంగ్లీషు చేశారు, కౌన్సిల్ పుస్తకంలోకి ఎంత ఎక్కింది? ఒక వాక్యం మన దాకా వచ్చేసరికి నాలుగు చేతులు మారి ఉంటుంది. ప్రతి ఉత్తరం నకలు రాసుకునేటప్పుడు తర్జుమా చేసింది ఎవరు అని అంచులో ప్రశ్న వేసుకోండి. జవాబు దొరక్కపోయినా ఆ ప్రశ్న అక్కడే ఉండాలి.

తర్జుమా చేసినవాడి చేయి ఎంత దూరం వెళుతుందో తెలియాలంటే టిప్పు ఉత్తరాలు చూడండి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దొరికిన కాగితాల నుంచి కంపెనీ సైనికాధికారి కిర్క్‌పాట్రిక్ ఏరి, ఇంగ్లీషు చేసి 1811లో అచ్చువేశాడు. ఎవరు ఏరారు, ఏ యుద్ధం తరవాత ఏరారు అన్నది మరిచిపోయి ఆ పుస్తకం చదివితే టిప్పు మనకు గెలిచినవాళ్ళ కళ్ళతోనే కనబడతాడు. అదే టిప్పు 1786లో ఇస్తాంబుల్‌కు పంపిన రాయబారం గురించి తెలుసుకోవాలంటే అటువైపు ఉస్మానీ సుల్తాను దఫ్తరాలనూ చూడాలి. ఒక కొసే చూసి తాడు పొడవు చెప్పలేం.

పారశీకం రాకపోవడం లోటే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఈ పని పదేళ్ళు చేయాలనుకుంటే నేర్చుకోండి. నేను నలభై దాటాక మొదలుపెట్టాను, ఇప్పటికీ షికస్తా అనే గొలుసుకట్టు పారశీక రాత ముందు తడబడతాను, అయినా ఒక ముద్ర మీది బిరుదు చదవగలిగిన రోజు అంతకుముందు పదేళ్ళ చదువు కొత్తగా అనిపించింది. కాని అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మూడో సాక్షిని వెతకండి. ఎగ్మూరులోనే డచ్చివాళ్ళ రికార్డులు ఉన్నాయి. డచ్చి కంపెనీ దస్త్రాలను 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చినప్పుడు అవీ అందులో భాగమే. పులికాట్ నుంచి డచ్చివాడు మద్రాసును అసూయతో, శ్రద్ధతో గమనిస్తుండేవాడు. ఇంగ్లీషువాడు లండన్‌కు చెప్పనిది డచ్చివాడు తన పైవాళ్ళకు చెబుతాడు. పుదుచ్చేరి వైపు ఆనందరంగ పిళ్ళై దినచర్య ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లెక్సుకు దుబాసీ ఆయన, రాసింది తమిళంలో, మీకు నేరుగా అందుతుంది. మన కస్తూరి రంగకవి ఛందోగ్రంథం అంకితమిచ్చింది ఈయనకే. తెలుగులో కంపెనీ సర్వే అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతులు ఉన్నాయి, చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చూడవచ్చు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ళతో తిరిగినవాళ్ళూ ఊరూరా పోగుచేసిన సంగతులవి. చక్రవర్తులు మారడం ఒక కరణానికి ఎలా తెలిసిందో అక్కడ చూస్తారు: ఫలానా ఏడు నుంచి శిస్తు పుచ్చుకునే మనిషి మారాడు, అంతే. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. పారశీకం వచ్చాక అక్కడికి వెళ్ళండి.

నకళ్ళ గురించి ఒక్క మాట. మద్రాసు కాగితాలు ఓడల్లో లండన్‌కు వెళ్ళేవి, ఓడ మునిగితే ఎలా అని వేర్వేరు ఓడల్లో ఒకటికి రెండు ప్రతులు పంపేవారు. ఇక్కడ పురుగు తిన్న పేజీ అక్కడ నిక్షేపంలా ఉండవచ్చు. ఇక్కడ కొట్టివేసిన వాక్యం అక్కడ అసలు ఉండకపోవచ్చు. ఆ కొట్టివేత మీకు బంగారం, అది కనబడితే వదలకండి.

పని మొదలుపెట్టడానికి ఒకటి అప్పగిస్తాను. 1692, 1693 సంవత్సరాల కౌన్సిల్ సంపుటాలు అచ్చులో తీసుకోండి. ఎగ్మూరు, పురసవాక్కం, తండయార్‌పేట కంపెనీకి ఎలా వచ్చాయో ఆ పేజీల్లో వెతకండి. ఎవరి ద్వారా అడిగారు, ఎవరెవరికి ఏమేమి సమర్పించారు, దానికి ఏ పేరు పెట్టారు, పత్రం వచ్చిన రోజు ఊళ్ళో ఏం చేశారు అన్నవి చూసి, ఆ భాగాన్ని ఫోటో తీయకుండా మీ చేత్తో ఎత్తి రాయండి. రాస్తుంటే ఆగవలసిన చోట ఆగుతారు, ఫోటో అయితే దాటిపోతారు. ఎత్తిరాతా, అర్థం కాని మాటల జాబితా రెండూ నాకు పంపండి. కూర్చుని ఒక్కొక్క మాటే చూద్దాం.